మార్సెయ్‌లో నాలుగు రోజులు.. తొందరేం లేదు!

యానాం: ‘వారం రోజుల్లో ఐదు దేశాలు’ అంటూ ఊరిస్తుంటాయి ట్రావెల్స్ కరపత్రాలు. తీరా వెళ్లొచ్చిన వాళ్లను కదిపితే ఎక్కువగా చెప్పేది బస్సు ప్రయాణం గురించే. లక్షలు పోసి వెళ్లి రోజూ తెల్లారకుండానే పెట్టెలు సర్దుకోవడం విశ్రాంతి ఎలా అవుతుంది? అదే సొమ్ముతో ఒక్క ఊళ్లోనే నాలుగు రోజులు నింపాదిగా ఉండి రావచ్చు. అందుకు అనువైన ఊరు ఫ్రాన్స్‌లో మధ్యధరా తీరాన ఉన్న మార్సెయ్.

క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు కట్టిన రేవు ఇది. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానానికి ఈ పేరు కొత్త కాదు. విమానాలు రాకముందు తూర్పు దేశాల నుంచి సూయజ్ కాలువ మీదుగా వెళ్లే ఫ్రెంచి ఓడలు చేరింది ఇక్కడికే.

వీసా ముందు.. టిక్కెట్టు తర్వాత

ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న యానాం వాసులకు వీసా గొడవ లేదు. మిగతావారు షెంజెన్ వీసా తీసుకోవాలి. పెద్దలకు 90 యూరోలు, ఆపైన సర్వీసు ఛార్జీ. వీసా రాకపోయినా ఈ సొమ్ము వెనక్కి రాదు. కాబట్టి వీసా చేతికి రాకుండా రద్దుకు వీల్లేని టిక్కెట్లు కొనకపోవడమే మంచిది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 15 రోజుల గడువు ఉందని ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. 30 వేల యూరోలకు తగ్గకుండా వైద్య బీమా తప్పనిసరి. బ్యాంకు ఖాతా లావాదేవీలు, బస వివరాలు, సెలవు పత్రం సరిచూసుకోవాలి.

సెప్టెంబరు అయితే మేలు

జులై, ఆగస్టుల్లో ఎండ, జనం రెండూ ఎక్కువే. సెప్టెంబరుకు రద్దీ తగ్గుతుంది, సముద్రం నీళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటాయి. ప్యారిస్‌లో దిగినవారు టీజీవీ రైలెక్కితే మూడుంపావు గంటలు, కాస్త అటూ ఇటూగా చేరుకుంటారు. ఊళ్లోని సేంట్ షార్ల్ స్టేషన్ ముందు 104 మెట్లున్నాయి. బరువైన పెట్టెలతో దిగేవారు అది చూసుకోవాలి. పాత రేవు (వ్యూ పోర్) చుట్టుపక్కల గది తీసుకుంటే సగం ఊరు కాలినడకనే తిరగొచ్చు.

రోజుకు ఒక్కటి చాలు

మొదటి రోజు రేవుకే కేటాయించండి. పొద్దున్నే జాలర్లు తెచ్చిన చేపలు ఒడ్డునే బల్లల మీద అమ్ముతారు. పక్కనే పానియే అనే పాత పేట, సన్నటి సందులు. రెండో రోజు బస్సులో కొండ మీది నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చికి వెళ్తే ఊరంతా కళ్లముందుంటుంది. సాయంత్రం 2013లో తెరిచిన ముసెమ్ మ్యూజియం వైపు నడవొచ్చు. మంగళవారం సెలవు. మూడో రోజు పడవెక్కి షాతో దీఫ్ కోటకు. అలెగ్జాండర్ డ్యూమా ‘కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ నవలలో కథానాయకుణ్ని బంధించింది ఇక్కడే.

మనవాళ్ల ఆనవాళ్లు

సావర్కర్ 1910 జులై 8న మొరియా ఓడలోంచి దూకి ఈదుకుంటూ ఒడ్డెక్కింది ఈ రేవులోనే. ఫ్రెంచి గడ్డ మీద పట్టుకుని ఆయన్ని మళ్లీ బ్రిటిష్ కాపలాదారులకు అప్పగించారు. దానిపై రెండు దేశాల తగవు హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1911లో తీర్పు బ్రిటన్ వైపే వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధానికి 1914లో మన సైనికులు దిగిందీ ఇక్కడే. తిరిగిరాని వాళ్ల జ్ఞాపకంగా ఊరికి దక్షిణాన మజార్గ్ శ్మశానవాటికలో భారతీయ స్మారకం ఉంది. ఒక పూట అక్కడికి వెళ్లడం మరవొద్దు. 2025 ఫిబ్రవరిలో భారత కాన్సులేట్ కూడా ఈ ఊళ్లో మొదలైంది. పాస్‌పోర్టు పోతే దిక్కెవరన్న బెంగ అక్కర్లేదు.

తిండి సంగతి

యానాంలో పులసకు ఎంత పేరో, మార్సెయ్‌లో బూయాబేస్ చేపల పులుసుకు అంత పేరు. ఒకప్పుడు అమ్ముడుపోని చేపలతో జాలర్లు వండుకున్నదే. ఇప్పుడు ఖరీదైన వంటకం, మంచి హోటళ్లలో ముందే చెప్పుకోవాలి. శాకాహారులకు పానీస్ ఉంది. శనగపిండి ఉడికించి, ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. మన నోటికి కొత్తగా ఏమీ అనిపించదు. నారింజ పూల వాసనతో ఉండే నావెత్ బిస్కెట్లు ఇంటికి తెచ్చుకోవచ్చు.

గాలిని నమ్ముకోవద్దు

ఇక్కడ మిస్త్రాల్ అనే గాలి వీస్తుంది. అది లేచిందంటే కోటకు పడవలు ఆగిపోతాయి. కాలాంక్ అనే సున్నపురాయి కొండల మధ్య సముద్రపు పాయలు చూడాలనుకున్నా, వేసవిలో కార్చిచ్చు భయంతో దారులు మూసేస్తుంటారు. సూజితోన్ కాలాంక్‌కు ఎండాకాలం రద్దీ రోజుల్లో ముందే ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి. రేవులోనూ మెట్రోలోనూ జేబులు జాగ్రత్త. ఆపదొస్తే 112కి ఫోన్ చేయాలి.

అందుకే నాలుగో రోజు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయాలి. గాలికి ఆగిన పడవ ఆ రోజు ఎక్కొచ్చు. అంతా సవ్యంగా సాగితే కాతలాన్ ఇసుక తీరంలో కూర్చుని సముద్రం చూడొచ్చు.