వెస్టిండీస్‌లో మోగే మన డప్పు.. కరీబియన్ దీవులకు తెలుగోళ్లు ఎలా వెళ్లారో తెలుసా?

కరీబియన్ అంటే మనకు వెస్టిండీస్ క్రికెట్, కార్నివాల్ డ్యాన్సులే గుర్తొస్తాయి. కానీ ఆ సంస్కృతిలో మన వాటా కూడా ఉంది. వెస్టిండీస్ స్పిన్నర్ వీరసామి పెర్మాల్ గుర్తున్నాడా? గయానా కుర్రాడికి ఆ పేరు ఎలా వచ్చింది? దాని వెనక పెద్ద కథే ఉంది.

ఎప్పుడు వెళ్లారు?

బ్రిటిష్ కాలనీల్లో 1834లో బానిసత్వం రద్దయింది. దాంతో చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చింది. ఐదేళ్ల ఒప్పందంపై మనవాళ్లను ఓడలెక్కించారు. 1838 మే 5న తొలి ఓడలు గయానా చేరాయి. 1917 వరకు ఒక్క గయానాకే దాదాపు 2.39 లక్షల మంది వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచే. మద్రాసు రేవు నుంచి వెళ్లిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరికీ ఒకటే పేరు.. ‘మద్రాసీ’!

ఏం మిగిలింది?

గయానాలో మారియమ్మ పూజకు వేపాకు ఉండాల్సిందే, డప్పు మోగాల్సిందే. ఆ డప్పును అక్కడ ‘తప్పు’ అంటారు. మన తప్పెటకు అది చుట్టమే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల చూసినవాళ్లకు ఆ పూజ కొత్తగా అనిపించదు. ఫ్రెంచ్ దీవి గ్వాడలూప్‌లో ‘కొలొంబో’ అనే వంటకం ఫేమస్. ధనియాలు, పసుపు, ఆవాలు వేసి కొట్టిన మసాలాతో వండుతారు. టొరంటోలో 1967లో మొదలైన కరీబియన్ ఉత్సవంలోనూ రోటీ, కూర కనిపిస్తాయి.

మరి తెలుగు ఏమైంది?

డప్పు నిలిచింది, భాష నిలవలేదు. మనవాళ్లు తక్కువమంది. అదీ భోజ్‌పురి, తమిళం మాట్లాడేవాళ్ల మధ్య తలో తోటలో పడ్డారు. పిల్లలు అక్కడి ఇంగ్లీషుకు అలవాటుపడ్డారు. అదే మారిషస్‌లో కథ వేరు. అక్కడ తెలుగువాళ్లు సంఘాలు పెట్టుకున్నారు, బళ్లలో తెలుగు చెప్పించుకున్నారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు కూడా ఉంది.

విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం.. ఇలా డెల్టా ఊళ్ల నుంచి ఇప్పుడు ఎందరో పిల్లలు అమెరికా, కెనడాల్లో ఉన్నారు. అక్కడి వేడుకల్లో కరీబియన్ స్టాల్ కనిపిస్తే రోటీ తినేసి వచ్చేయకండి. మీ తాతల ఊరేదని ఒక్కసారి అడగండి. జవాబు మన సముద్రం ఒడ్డుకే చేరొచ్చు.