పాపాఘ్ని ఒడ్డుకు కృష్ణా నీళ్లు

కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన పాపాఘ్ని నది, గండి దగ్గర కొండల్ని చీల్చుకుని వేంపల్లె పక్కగా సాగుతుంది. కమలాపురం దాపున పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. ఎగువన వెలిగల్లు జలాశయం ఉన్నా, వానలు ముఖం చాటేస్తే అదీ నిండదు.

అందుకే ఈ సీమ నీటి లెక్క కృష్ణా నదిపై ఉన్న శ్రీశైలం జలాశయం దాకా వెళ్లింది. అక్కడి నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లించిన కృష్ణా జలాలు గోరకల్లు, అవుకు దాటి 26.85 టీఎంసీల గండికోట జలాశయానికి చేరతాయి. గండికోట నుంచి మోటార్లు వాటిని పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు ఎత్తిపోస్తాయి. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు!

కృష్ణలో వరద ఉన్న రోజుల్లో పట్టి దాచుకున్న నీళ్లే ఎండాకాలంలో పులివెందుల చీనీ తోటలకూ, ఊళ్ల కుళాయిలకూ ఆధారం.

ఇంటి దగ్గర చేయాల్సిన పనీ ఉంది. ఏటి ఇసుక వాననీటిని పీల్చి భూమిలోకి దింపుతుంది. దాన్ని అడ్డూ అదుపూ లేకుండా తోడేస్తే ఒడ్డునున్న బోర్లు ఎండిపోతాయి. పెరిగే వేంపల్లె ఇసుకనూ నీటి లెక్కలోనే రాసుకోవాలి.

దూరం నుంచి వచ్చే ఈ కృష్ణా నీటికి మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. గండికోట జలాశయం నిండే క్రమంలో ముంపు ఊరైన తాళ్లప్రొద్దుటూరు జనం 2020లో ఇళ్లు వదిలి వెళ్లారు.