రాళ్ల గుజ్జుకు ఏ వాల్వు నిలుస్తుంది?

మిల్లులు మూతబడినాక మన ఇళ్ల పిల్లలు కొందరు ఫిట్టర్లుగా, ఆపరేటర్లుగా గనుల దిక్కు పోయినారు. బళ్లారి వైపు కొందరు, ఒడిశాలో కొందరు. అక్కడ ముడిరాయిని మెత్తగా నూరి, నీళ్లు కలిపి పైపుల్లో పంపుతారు. ఆ గుజ్జును స్లర్రీ అంటారు. కిరండూల్ నుంచి విశాఖపట్నం దాకా 267 కిలోమీటర్లు ఇనుప ఖనిజం ఇట్లనే పైపులో పోతుంది.

నూలు ఎంత మెత్తన! అయినా ఒకేచోట రాసుకుంటూ పోతే ఇనుప గైడుకు గాడి పడుతుంది. అందుకే మిల్లుల్లో పింగాణీ గైడ్లు పెట్టినారు. దారమే ఇనుమును కోస్తే, రాతిపొడి ఊరుకుంటుందా?

నీళ్లకు, ఆవిరికి వాడే గ్లోబు వాల్వు స్లర్రీకి పనికిరాదు. లోపల దారి వంకర. రాతిపొడి మలుపుల్లో కొట్టుకొని అరగదీస్తుంది, మూలల్లో పేరుకొని బిగుస్తుంది. తెరిచినప్పుడు పైపంత దారి తిన్నగా ఉండే వాల్వు కావాలి.

సన్నని పొడి, మామూలు వేడి అయితే పించ్ వాల్వు మంచిది. రబ్బరు గొట్టాన్ని బయటినుంచి నొక్కి మూస్తుంది. స్లర్రీ రబ్బరుకే తగులుతుంది, అరిగితే గొట్టం మారిస్తే చాలు. కానీ కోసుగా ఉండే పెద్ద రాళ్లు రబ్బరును చింపుతాయి, నూనె చెడగొడుతుంది. దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీలో లాగ బాక్సైటును కాగే కాస్టిక్ సోడాలో కలిపే చోట మామూలు రబ్బరు నిలవదు. పింగాణీ అరుగుదలకు గట్టిదే, దెబ్బ తగిలితే మాత్రం పగులుతుంది.

నైఫ్ గేటు వాల్వును పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తెరిచి పెడితే సందులో వేగం పెరుగుతుంది. వేగం రెండింతలైతే అరుగుదల నాలుగింతలు, ఆపైన కూడా అవుతుంది.

కొనేటప్పుడు ధర ఒక్కటే చూడవద్దు. ఎన్ని నెలలు నిలిచింది, మార్చేందుకు లైను ఎన్ని గంటలు ఆగింది, అవి కూడా లెక్క గట్టాలి. వాల్వు మార్చే ప్రతిసారీ ఎవరో ఒక పిల్లవాడు ఆ పైపు కింద నిలబడాలి. అక్కడ పనిచేసే అబ్బాయిలూ, తేదీలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి, ఆఫీసులో మాట్లాడేటప్పుడు అది చూపించండి.

ఇంకో మాట. పంపు ఆపి, తాళం వేసి, లైనులో ఒత్తిడి పూర్తిగా దించి, గుజ్జు ఖాళీ చేసినాకనే బోల్టు మీద స్పానరు పెట్టండి. ఎంత తొందర చేసినా ముందు పెట్టవద్దు.