పోర్చుగీసు భాషలో వారాంతపు కుశలప్రశ్న

మేస్త్రీ, అల్మారా, తువాలు అని మనము ప్రతిదినము పలుకు మాటలు పోర్చుగీసు భాషనుండి వచ్చినవే. ఇపుడా భాషలోని ప్రశ్న యొక్కటి నేర్చుకొందము.

బ్రెజిలు దేశీయులు సోమవారమునాడు కలిసికొనినపుడు "కోము ఫోయ్ ఉ సెవు ఫిం జి సెమాన?" అని యడుగుదురు. మీ వారాంత మెట్లుండెనని భావము. సోమవారమును వారు "సెగుండ ఫేర" యందురు. అనగా రెండవ దినము. ఆదివారమే లెక్కకు మొదలు.

ప్రశ్నలోని "ఫోయ్" అనగా "ఉండెను". చిత్రమేమనగా, "పోయెను" అనుటకును అదే రూపము! మన "పోయె"తో దానికి చుట్టరికము లేదు గాని, జ్ఞాపకముంచుకొనుట కింతకంటె సులువైన దారి లేదు. "పోతిని" అనుటకు "ఫుయి" యనవలెను.

నారాయణగూడనుండి నడచి వచ్చి, అశోక్‌నగరులోని నగర కేంద్ర గ్రంథాలయమున శనివారమంతయు పోటీపరీక్షలకు చదివిన విద్యార్థి యేమనవలెను? వానికి వారాంతమే లేదు. ఈ ప్రశ్న కొంత గ్రుచ్చుకొనును. అయినను "ఫుయి ఆ బిబ్లియొటెక", గ్రంథాలయమునకు పోతిని, అనిన చాలును. చిక్కడపల్లి చేరువను సినిమా చూచినవాడు "ఫుయి ఆవు సినేమ" యనును.

పిమ్మట "ఇ ఉ సెవు?", మరి మీది, అని తిరిగి యడుగవలెను. అడుగనిచో మాట యచటనే తెగును.