అమ్మాయి ‘గ్యాస్ లైటింగ్’ అంటే...

వింజమూరులో సాయంత్రం పూట కొందరు ఆడవాళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. బెంగళూరులోనో, చెన్నైలోనో ఉన్న పిల్లలు ఫోన్లో వాడే మాటలకు అర్థాలు అడుగుతుంటారు. “గ్యాస్ లైటింగ్ అంటే ఏంది మేడమ్? గ్యాస్ పొయ్యి సంగతా?” అని ఒకావిడ అడిగితే అందరం నవ్వాం. ఆ మాట కూతురు అల్లుడి గురించి అన్నదని తెలిశాక నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు తమ కష్టాన్ని ఇప్పుడు ఈ మాటల్లోనే చెప్పుకుంటున్నారు. అవి తెలియకపోతే మనం విన్నా విననట్టే!

ఘోస్టింగ్: ఘోస్ట్ అంటే దెయ్యం. నిన్నటిదాకా రోజూ మాట్లాడిన మనిషి కారణం చెప్పకుండా మాయమైపోవడం. ఫోనెత్తడు, మెసేజీకి జవాబివ్వడు. మన భాషలో ముఖం చాటేయడం. 2017లో ఇది మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీలోకి ఎక్కింది. అలక వేరు సుమా! అలిగినవాళ్లు బతిమాలితే పలుకుతారు.

బ్రెడ్ క్రంబింగ్: కోడికి నాలుగు గింజలు చల్లినట్టు అప్పుడప్పుడూ ఒక తీపి మాట. పెళ్లి మాటెత్తితే మాత్రం దాటవేత. ఊరించడమన్న మాట.

లవ్ బాంబింగ్: పరిచయమైన వారానికే కానుకలు, పొగడ్తలు, ‘నువ్వు లేకపోతే బతకలేను’ అనడాలు. పిల్ల చిక్కాక ఆంక్షలు మొదలు.

రెడ్ ఫ్లాగ్: ఎర్రజెండా అంటే మనకు పార్టీ గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం ‘జాగ్రత్త’ అని. పెళ్లికి ముందే స్నేహితురాళ్లతో మాట్లాడొద్దనడం, ఫోన్ తనిఖీ చేయడం అలాంటివే.

గ్యాస్ లైటింగ్: 1938లో ప్యాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకం నుంచి వచ్చిందీ మాట. అందులో ఇంట్లో గ్యాస్ దీపాలు మసకబారుతుంటే, అదంతా నీ భ్రమ అంటూ భర్త భార్యను పిచ్చిదాన్ని చేయబోతాడు. ముగ్గురు దొంగలు కలిసి బ్రాహ్మడి మేకను కుక్కని నమ్మించిన కథ మనకు తెలిసిందే కదా! కొట్టి, ‘నేనెక్కడ కొట్టాను? నీకే మతి చెడింది’ అనడం ఇదే. ఎప్పుడో ఒకసారి మరిచిపోయి ‘అనలేదు’ అంటే అది మతిమరుపు. పదేపదే అంటూ మన మీద మనకే నమ్మకం పోయేట్టు చేస్తే ఇది.

బాధకు పేరు దొరికితే దాని గురించి నోరు విప్పడం తేలికవుతుంది. మన పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధమొచ్చింది.

అందుకే కూతురు ఇలాంటి మాట అంటే ‘అవేం మాటలే’ అని కసరకండి. “ఏం జరిగింది తల్లీ?” అని అడగండి. చివరిదాకా వినండి. సర్దుకుపొమ్మని తొందరపడకండి. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో, మానసికంగా వేధించడాన్నీ హింసగానే చూస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181. రాసిపెట్టుకోండి.