యాప్ సరే, డేటా సంగతేంటి? ధరణి ఎందుకు తడబడింది

ఈ వారం కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ గోల పక్కన పెడదాం. మన ఊళ్లల్లో జనం ఎక్కువ టెన్షన్‌తో ఓపెన్ చేసిన సైట్ ఇన్‌స్టా కాదు, యూట్యూబ్ కాదు. సర్వే నంబర్ కొట్టి, క్యాప్చా ఎంటర్ చేసి, పేరొస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టి చూసిన సైట్. ధరణి. మాది మునగాల. ఇక్కడ పట్టాదారు పాస్‌బుక్ అంటే పంట లోను, ఒకప్పుడు రైతుబంధు, బిడ్డ పెళ్లికి అమ్ముకునే అరెకరం, అన్నీ అందులోనే. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కాబట్టి రాజకీయం జోలికి పోను. ప్రాజెక్ట్‌గానే చూద్దాం.

ముందు ఒక పాత లెక్క. 1994లో అమెరికాలో స్టాండిష్ గ్రూప్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల మీద సర్వే చేసింది. అనుకున్న టైమ్‌కి, అనుకున్న ఖర్చులో, అనుకున్న ఫీచర్లతో పూర్తయినవి 16.2 శాతమే. మధ్యలోనే ఆపేసినవి 31.1 శాతం. మిగతావి ఎలాగోలా బయటపడ్డాయి, కానీ లేటుగానో, ఖర్చు పెరిగో, ఫీచర్లు తగ్గించుకునో. సక్సెస్‌కి కారణాల లిస్టులో ఫస్ట్ ప్లేస్ టెక్నాలజీది కాదు, వాడేవాళ్లని ముందు నుంచీ కలుపుకోవడానిది. నాకు మాత్రం ఆ సక్సెస్ డెఫినిషన్ మీదే డౌటు. టైమ్‌కి లాంచ్ అయితే గెలిచినట్టేనా?

ధరణి చూడండి. కొత్త పాస్‌బుక్ చట్టం 2020 సెప్టెంబర్‌లో వచ్చింది. అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో పోర్టల్ లాంచ్. నవంబర్ 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు. స్పీడ్‌కి పేరు పెట్టలేం. ఐడియా కూడా నిజంగా మంచిదే. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, మ్యుటేషన్ ఇంకో ఆఫీసులో. ధరణిలో స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ ఆఫీసుకి పోతే రెండూ ఒకేసారి అయిపోయేవి. రికార్డు క్లీన్‌గా ఉన్నవాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు, అందులో అబద్ధం లేదు.

చిక్కంతా రికార్డు క్లీన్‌గా లేనివాళ్లకే వచ్చింది. ధరణిలోకి ఎక్కిన డేటా ఎక్కువగా 2017 సెప్టెంబర్‌లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన నుంచి వచ్చింది. అప్పుడు గొడవలేని భూముల్ని పార్ట్-ఎలో, వివాదం ఉన్నవాటిని పార్ట్-బిలో పెట్టారు. 2018 మేలో రైతుబంధు మొదలై ఎకరానికి సీజన్‌కి 4 వేలు రావడంతో, లిస్టులో పేరుంటే డబ్బు, లేకపోతే లేదు. దీన్ని మా భాషలో డేటా మైగ్రేషన్ అంటాం. ఏ కంపెనీలోనైనా అందరూ తప్పించుకు తిరిగే పని ఇదే. స్క్రీన్లు చేసినవాడికి చప్పట్లు, పాత టేబుల్స్ సరిచూసినవాడికి తలనొప్పి.

పాత టేబుల్స్ ఎంత పాతవో మునగాల వాళ్లకి చెప్పక్కర్లేదు. చుట్టూ నైజాం నేల, మధ్యలో మాది మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద ఉన్న జమీందారీ పరగణా. అంటే గట్టుకి ఇటు ఒక సర్కారు రాసిన కాగితం, అటు ఇంకో సర్కారు రాసింది. దాని మీద సాదాబైనామాలు, అన్నదమ్ముల నోటి పంపకాలు. ఇవన్నీ ఒక డ్రాప్‌డౌన్‌లో ఎట్లా పట్టిస్తారు?

ఒక ఉదాహరణ. ఒక సర్వే నంబర్‌లో పదెకరాలు, నలుగురు రైతులు. కాలువకో, రోడ్డుకో ప్రభుత్వం అందులో అరెకరం తీసుకుంది. నిషేధిత జాబితాలో ఆ అరెకరం మాత్రమే ఉండాలి. సిస్టమ్‌లో మొత్తం సర్వే నంబర్ ఎక్కితే నలుగురి భూమీ లాక్. ఇట్లాంటి ఫిర్యాదులు రాష్ట్రమంతా వచ్చాయి. కోడ్ క్రాష్ కాలేదు, సర్వర్ డౌన్ కాలేదు. బటన్ పనిచేయదు, అంతే.

నా దృష్టిలో అసలు దెబ్బ ఇక్కడే పడింది. తప్పు ఉండటం వింత కాదు, తప్పు దిద్దే దారి లేకపోవడమే వింత. మనం ఏ యాప్ చేసినా ఎడిట్ ఆప్షన్ ముందే అనుకుంటాం. ఇక్కడ వీఆర్‌ఓ వ్యవస్థ రద్దయింది, రెవెన్యూ కోర్టులు పోయాయి, తహసీల్దార్‌కి దిద్దే అధికారం లేకుండా పోయింది. పేరులో అక్షరం తేడా ఉన్నా కలెక్టర్ లాగిన్ దాకా పోవాల్సిందే, లేదంటే సివిల్ కోర్టు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఒక్కో సమస్యకి ఒక్కో మాడ్యూల్ తగిలించారు. టీఎం-33 అన్న పేరు మీ నాన్నగారిని అడగండి, గుర్తుపడతారు. ఏ సమస్యకి ఏ మాడ్యూలో రైతుకి తెలిసేది కాదు, మీసేవ దగ్గర కూర్చున్న తమ్ముడికీ ఒక్కోసారి తెలిసేది కాదు. తప్పు మాడ్యూల్‌లో అప్లై చేస్తే రిజెక్ట్, మళ్లీ మొదటికి.

ఇదే హైదరాబాద్‌లో 1999లో ట్విన్స్ పేరుతో ఒక్క సెంటర్‌లో ట్రయల్ వేసి, 2001లో ఈ-సేవగా పెంచారు. కరెంటు, నల్లా, ఫోన్ బిల్లులు ఒకే కౌంటర్లో. అది నిలబడింది, 2011లో వచ్చిన మీసేవకి దారి వేసింది. ఈజీ ప్రాబ్లమ్ కదా అంటారా? నిజమే, బిల్లు తప్పొస్తే పోయేది వందలు, భూమి తప్పొస్తే పోయేది తరాల ఆస్తి. అందుకేగా చిన్నగా మొదలుపెట్టాల్సింది ఇక్కడే ఎక్కువ.

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఈసారి ముందు నాలుగు మండలాల్లో పైలట్ చేశారు. అందులో ఒకటి మనకి దగ్గరలోని ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. 33 మాడ్యూల్స్‌ని 6కి తగ్గించారు. అప్పీలు చేసుకునే మెట్లు మళ్లీ చట్టంలోకి వచ్చాయి. డిజైన్‌గా ఇది కరెక్ట్ డైరెక్షన్ అని నా అభిప్రాయం. ఐతే డేటా మాత్రం చాలావరకు ఆ పాతదే. కొత్త యాప్‌కి మార్కులు హోమ్‌పేజీ చూసి వేయను, పెట్టిన దరఖాస్తు ఎన్నాళ్లకి తేలిందో చూసి వేస్తా.

మీ పని ఒకటుంది. ఆదివారం ఇంటికి పోయినప్పుడు పాస్‌బుక్ తీసి, ప్రతి సర్వే నంబర్, విస్తీర్ణం, పేరు స్పెల్లింగ్ భూభారతి సైట్‌తో పోల్చండి. నిషేధిత జాబితా కూడా చూడండి. గుంట తేడా ఉన్నా స్క్రీన్‌షాట్ తీసి, పాత పహాణీ కాపీతో తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, రసీదు నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.