తొలి శ్వాసకు ముందే..

పటాన్‌చెరు దాటి ముంబై హైవే మీద ఇంకాస్త ముందుకెళ్తే రుద్రారం. వచ్చేపోయే బండ్లు ఆగి దండం పెట్టుకునే గణేష్ గడ్డ, గీతం యూనివర్సిటీ, చుట్టుపక్కల ఫ్యాక్టరీలు. షిఫ్టు మారే వేళకు కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు, కంటైనర్ లారీలతో రోడ్డు కిక్కిరిసిపోతుంది. పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలొచ్చాక ఊళ్లకు పనీ వచ్చింది, కాలుష్యమూ వచ్చింది. నక్కవాగును పాడుచేసిన వ్యర్థాల గొడవ 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది.

ఇక్కడ గాలి ముచ్చట దగ్గు, ఆయాసంతో మొదలవుతుంది. ఊపిరితిత్తుల కథ మాత్రం అమ్మ కడుపులో నాలుగో వారానికే మొదలైపోతుంది.

ఆ వారంలో పిండం లోపలి ఆహార గొట్టం ముందువైపు నుంచి చిన్న మొగ్గ పొడుచుకొస్తుంది. చుట్టూ ఉన్న కణజాలం ఎఫ్‌జీఎఫ్-10 అనే వృద్ధి కారకాన్ని వదులుతుంది. ఆ ప్రొటీన్ ఎటు ఎక్కువుంటే మొగ్గ అటు సాగుతుంది. మొగ్గ కొస నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే మరో సంకేతం వెలువడి ఎదురుగా ఉన్న ఎఫ్‌జీఎఫ్-10ను అణచేస్తుంది. అప్పుడది ఇరుపక్కలా మిగులుతుంది, మొగ్గ రెండుగా చీలుతుంది. చీలినవి మళ్లీ చీలుతూ 16వ వారం నాటికి గాలి గొట్టాల కొమ్మలు దాదాపు పూర్తవుతాయి. వీఈజీఎఫ్ అనే ఇంకో కారకం వాటి వెంట రక్తనాళాలను అల్లిస్తుంది. ఎఫ్‌జీఎఫ్-10 జన్యువు లేని ఎలుక పిల్లలకు శ్వాసనాళం ఏర్పడినా ఊపిరితిత్తులే రాలేదని 1990ల చివర్లో తేలింది.

గాలి గదులు అతుక్కుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ తయారీ 24వ వారం ప్రాంతంలో మొదలై 35 వారాలకు గానీ చాలినంత కాదు. అందుకే నెలలు నిండకుండా నొప్పులొస్తే తల్లికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ సూదులు వేస్తారు. స్టెరాయిడ్‌తో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని 1972లో న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హౌవీ చూపించారు.

తొందరపడి పుట్టే బిడ్డకు ఇలా సూది ఉంది. మరి తల్లి పీల్చే గాలికి? 2022లో స్కాట్లండ్, బెల్జియం పరిశోధకులు గర్భస్థ శిశువుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, మెదడులో మసి కణాలను గుర్తించారు. ఆ తల్లులెవరికీ పొగతాగే అలవాటు లేదు.

గర్భిణుల పేర్లు 12 వారాల్లోపు నమోదు చేయాలని ఆరోగ్య శాఖ చెబుతుంది. నెల తప్పిందని తెలిసి, ఏఎన్ఎం రిజిస్టర్‌లో పేరెక్కేసరికి లోపల కొమ్మలు చాలావరకు వేసేసి ఉంటాయి. ఆ తర్వాత మాస్కు పెట్టుకోమనీ రోడ్డు పక్కకు వెళ్లొద్దనీ చెప్పినా దాటిపోయిన వారాలు తిరిగి రావు. గర్భిణికి మాత్రమే మంచి గాలిని కేటాయించడం కుదరదు. ఊరందరి గాలీ బాగుపడితేనే ఆమెకూ అందుతుంది. కాబట్టి జాగ్రత్త చెప్పాల్సింది ముందు పొగ గొట్టాలకు, ఆ తర్వాతే తల్లులకు.